నంబరు ప్లేటు: షోరూమ్ నుంచి సీ బుక్ దాకా, శ్రీకాకుళం, విజయనగరం బండివాళ్లకు సమగ్ర మార్గదర్శి

మన వైపు కొత్త బండి కొన్నవాళ్లు ముందు చేసే పని దాన్ని అరసవల్లికో, పైడితల్లమ్మ గుడికో తీసుకెళ్లడం. ప్లేటు నిండా పసుపు, కుంకుమ, హ్యాండిల్‌కి దండ, చక్రం కింద నిమ్మకాయ. అందులో తప్పేం లేదు, ఇంటికొచ్చాక ప్లేటు తుడుచుకుంటే సరిపోతుంది. రెండో పని రేడియం స్టిక్కర్ షాపుకి వెళ్లడం. తంటా అక్కడే మొదలవుతుంది. అంకెలకు తోకలు, పక్కన కులం పేరో హీరో బొమ్మో, కింద "మాది ఏపీ 30" అని ఒక లైను.

నంబరు ప్లేటు అలంకారం కాదు. సీ బుక్‌లో, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో, మొదటి గడిని కత్తిరించి బండికి రివెట్ కొట్టినట్టు అనుకోండి. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఫాస్టాగ్, చలానా అన్నీ బండిని ఆ నంబరుతోనే గుర్తుపడతాయి. నంబరు ఎలా వస్తుంది, ప్లేటు ఎలా ఉండాలి, ఊరు మారినా ప్లేటు పోయినా ఏం చేయాలి, ఇవన్నీ పని జరిగే వరుసలో చూద్దాం.

ముందు నంబరు చదవడం నేర్చుకోండి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలకు కోడ్‌లు చాలావరకు ఇంగ్లీషు అక్షరక్రమంలో ఇచ్చారు. ఆదిలాబాద్‌కి 01, అనంతపురానికి 02, అలా వెళ్తూ శ్రీకాకుళానికి 30, విశాఖకి 31 నుంచి 34 దాకా, విజయనగరానికి 35. 2019 ఆరంభంలో ఈ పద్ధతి మార్చి రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 అనే ఒకే కోడ్ పెట్టారు. ఆ సిరీస్ నిండాక ఇప్పుడు ఏపీ 40 కూడా రోడ్డు మీద కనిపిస్తోంది. అంటే కొత్త బండి నంబరు చూసి అది టెక్కలిదో తిరుపతిదో చెప్పలేం.

చాలామందికి ఇక్కడ ఒక అనుమానం ఉంది. పాత ఏపీ 30, ఏపీ 35 బండ్లకు నంబరు మార్చుకోవాలా? అక్కర్లేదు. పాత నంబర్లు అలాగే చెల్లుతాయి. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినా, రాజాం విజయనగరం జిల్లాలో కలిసినా ఎవరి నంబరూ మారలేదు. అలాగే మన రోడ్ల మీద ఏపీ 09, ఏపీ 28 కనిపిస్తే దొంగ నంబరనుకోకండి. తెలంగాణ ఏర్పడక ముందు హైదరాబాద్, రంగారెడ్డిలో రిజిస్టరైన బండ్లవి.

కోడ్ తర్వాత వచ్చే మొదటి ఇంగ్లీషు అక్షరం కూడా కొంత సమాచారం చెబుతుంది. టీ, యూ, వీ లాంటి అక్షరమాల చివరి అక్షరాలు లారీలు, ఆటోలు, ట్యాక్సీలకు. పీ పోలీసులకు, జెడ్ ఆర్టీసీ బస్సులకు. సొంత వాడకం బండికి ఆ మొదటి చోట ఈ అక్షరాలు రావు. సెకండ్ హ్యాండ్ కారు తెల్ల ప్లేటుతో ఉండి, నంబరులో కోడ్ పక్కనే టీ అక్షరం కనిపించిందంటే, ఆ కారు ట్యాక్సీగా తిరిగిందేమో అడిగి తెలుసుకోండి.

షోరూమ్‌లో మీ పని

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, డీలరున్న రాష్ట్రంలోనే రిజిస్టరు చేసే కొత్త బండికి దరఖాస్తు చేయాల్సింది డీలరే. బండిని ఆర్టీవో ఆఫీసుకి తోలుకెళ్లి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాల్సిన పని లేదు. పలాసలో ఉంటూ విశాఖ షోరూమ్‌లో కొన్నా ఇదే పద్ధతి, అదే ఏపీ సిరీస్. అదే సవరణ ఇంకో మాట కూడా చెబుతోంది. ఇలా డీలరు దరఖాస్తు చేసే కొత్త బండిని, రిజిస్ట్రేషన్ నంబరు ప్రదర్శించాకే కొన్నవాళ్ల చేతికి ఇవ్వాలి. "ముందు తీసుకెళ్లండి సార్, ప్లేటు వచ్చాక ఫోన్ చేస్తాం" అని అంటే, రోడ్డు మీద ఆపేది షోరూమ్ మేనేజర్ని కాదు, మిమ్మల్ని.

దరఖాస్తు ఫారం 20. దానికి డీలరిచ్చే అమ్మకపు సర్టిఫికెట్ ఫారం 21, కంపెనీ ఇచ్చే ఫారం 22, ఇన్సూరెన్స్, చిరునామా రుజువు జతచేస్తారు. అప్పు మీద కొంటే ఫైనాన్స్ వివరాలు కూడా. డబ్బు కట్టే తొందరలో ఎవరూ చదవని కాగితం ఈ ఫారం 20. కానీ చదవాల్సింది అదే. పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, ఇంటిపేరు ముందుందా వెనకుందా, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవేనా అని అక్కడే నిలబడి సరిచూసుకోండి. సీ బుక్ వచ్చాక అక్షరం దిద్దించాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు.

తాత్కాలిక రిజిస్ట్రేషన్, అదే మనం టీఆర్ అనేది, వేరే రాష్ట్రంలో రిజిస్టరు చేయించాల్సిన బండికో, బాడీ కట్టాల్సిన ఛాసిస్‌కో అవసరమవుతుంది. దాని ప్లేటు పసుపు రంగులో ఎర్ర అక్షరాలతో ఉండాలి. తెల్ల కాగితం మీద ప్రింట్ తీసి అంటిస్తే చెల్లదు. "ఏ/ఎఫ్", అంటే నంబరుకి దరఖాస్తు పెట్టాం అని, రాసుకుని తిరగడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు, అయితే చట్టంలో దానికి చోటు లేదు.

సాలూరు వాళ్లకు ఈ వరుస బాగా తెలుసు. లారీ ఛాసిస్, క్యాబిన్ మాత్రమే వస్తాయి, బాడీ ఊళ్లోనే కడతారు. అంతదాకా టీఆర్ మీదే నడుస్తుంది. బాడీ పని ఆలస్యమైతే గడువు పొడిగించమని అడిగే వీలు చట్టంలోని 43వ సెక్షన్లో ఉంది, కాకపోతే గడువు దాటకముందే అడగాలి. బాడీ కట్టినవాళ్లు ఇవ్వాల్సింది ఫారం 22-ఏ. అది లేకపోతే శాశ్వత నంబరు దగ్గర పని ఆగుతుంది.

ఫ్యాన్సీ నంబరు కావాలంటే

అంకెలన్నీ కూడితే తొమ్మిది రావాలనో, పాత బండి నంబరే మళ్లీ కావాలనో చాలామందికి ఉంటుంది. ఫ్యాన్సీ నంబర్లను ఆన్‌లైన్ వేలంలో రవాణా శాఖే అమ్ముతుంది, ఏజెంటుకి ప్రత్యేకంగా దారేమీ లేదు. మామూలు నంబరు కేటాయింపు కాకముందే ఫ్యాన్సీ నంబరు కావాలని డీలరుకి రాతపూర్వకంగా చెప్పండి. ఒకసారి నంబరు పడ్డాక వెనక్కి తిప్పడం కుదరదు. ఇంత డబ్బు పోసి కొన్న నంబరునే తర్వాత ఎవరికీ అర్థం కాని వంకర అంకెల్లో రాయించుకునేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది.

ప్లేటు చేతికొచ్చినప్పుడు ఏం చూడాలి

2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేటును వాహన కంపెనీయే డీలరు ద్వారా బిగించి ఇవ్వాలి. అసలైన ప్లేటును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. 1 మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు, అక్షరాలు పైకి ఉబ్బి ఉంటాయి. ఎడమవైపు పైన 20 మిల్లీమీటర్ల చదరంలో అశోక చక్రం హోలోగ్రామ్, దాని కింద నీలం రంగులో ఐ.ఎన్.డి. అనే ఇంగ్లీషు అక్షరాలు, ఎడమ అడుగున లేజర్‌తో చెక్కిన సన్నటి సీరియల్ నంబరు. నల్ల అక్షరాలను వెలుతురులో కాస్త వంచి చూస్తే వాటి మీద ఇండియా అనే మాట ఏటవాలుగా కనిపిస్తుంది. హోలోగ్రామ్ స్థానంలో మామూలు స్టిక్కరు ఉన్నా, లేజర్ నంబరు లేకపోయినా అది నకిలీయే.

లేజర్ నంబరు ముందు ప్లేటుకు ఒకటి, వెనక ప్లేటుకు ఒకటి వేరువేరుగా ఉంటుంది. రెండూ ప్రభుత్వ వాహన్ రికార్డులో మీ బండి పేరుతో నమోదవుతాయి. బండి తీసుకున్న రోజే రెండిటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ప్లేటు పోయినా, ఎవరైనా మీ నంబరు వాడుకున్నా ఆ ఫొటోలే పనికొస్తాయి.

వెనక ప్లేటుకు స్నాప్ లాక్ ఉంటుంది. ఒకసారి బిగిస్తే విరక్కొట్టకుండా ఊడదు, మళ్లీ వాడటానికి పనికిరాదు. అందుకే ఈ ప్లేటును విడిగా చేతికిచ్చి "ఇంటి దగ్గర బిగించుకోండి" అనకూడదు, బండికే బిగించి ఇవ్వాలి. నట్టు, బోల్టుతో ఉంటే అడగండి.

కారుకి ఇంకోటి కూడా ఉంటుంది. ముందు అద్దం లోపలివైపు, ఎడమ పై మూలన అంటించే స్టిక్కరు. దీన్నే మూడో ప్లేటు అంటారు. 100 బై 60 మిల్లీమీటర్లు. రిజిస్టరు చేసిన ఆఫీసు, బండి నంబరు, లేజర్ నంబర్లు, ఇంజిన్, ఛాసిస్ నంబర్లు దాని మీద ఉంటాయి. పెట్రోలు, సీఎన్‌జీ బండికి లేత నీలం, డీజిల్ బండికి నారింజ, మిగతావాటికి బూడిద రంగు. పీకితే చిరిగిపోయేలా తయారుచేస్తారు. అద్దం పగిలి కొత్తది వేయించినప్పుడు ఈ స్టిక్కరు కూడా మళ్లీ తీసుకోవాలి. మెకానిక్‌కి ఆ సంగతి గుర్తుండదు, మీరే అడగాలి.

కొలతలు, రంగులు

టూవీలర్, ఆటో ప్లేటు 200 బై 100 మిల్లీమీటర్లు. టూవీలర్ ముందు మడ్‌గార్డ్ మీదికి 285 బై 45 కొలత సన్న ప్లేటు కూడా ఉంది. కార్లకు 500 బై 120 గానీ 340 బై 200 గానీ, లారీలు, బస్సులకు 340 బై 200. అక్షరాల కొలత కేంద్ర మోటారు వాహనాల నియమావళి 51వ రూలులో ఉంది. మోటారుసైకిల్ వెనక అక్షరాలు 35 మిల్లీమీటర్లు, అంకెలు 40 మిల్లీమీటర్ల ఎత్తు. కారుకి అక్షరాలు, అంకెలు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, మధ్య ఖాళీ 10.

నంబరు ఇంగ్లీషు అక్షరాల్లో, 1, 2, 3 అంకెల్లోనే ఉండాలని 50వ రూలు. తెలుగు అంకెల్లో రాయించుకోవాలన్న మోజు కొందరికి ఉంటుంది, భాష మీద ప్రేమ మంచిదే కానీ ప్లేటు దానికి తగిన చోటు కాదు.

రంగు చూస్తే బండి వాడకం తెలుస్తుంది. తెలుపు మీద నలుపు సొంత బండి. పసుపు మీద నలుపు బాడుగకు తిరిగే బండి. నలుపు మీద పసుపు అద్దెకు తీసుకుని మనమే నడుపుకునేది. ఆకుపచ్చ మీద తెలుపు సొంత బ్యాటరీ బండి, ఆకుపచ్చ మీద పసుపు బాడుగ బ్యాటరీ బండి. ఎరుపు మీద తెలుపు కనిపిస్తే అది డీలరు ట్రేడ్ సర్టిఫికెట్ మీద తిరిగేది, అమ్మిన బండి కాదు. తెల్ల ప్లేటు కారుని శుభకార్యాలకు కిరాయికి తిప్పడం మన ఊళ్లలో మామూలే, అయితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ మొదట చూసేది ఆ రంగునే.

ప్లేటు లేకుండా తిరిగే బ్యాటరీ స్కూటర్ల గురించి కూడా అడుగుతుంటారు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోలు మించనిదైతే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకు మించి పరిగెత్తే స్కూటరును "దీనికి ప్లేటు అవసరం లేదండీ" అని అమ్మితే నమ్మకండి.

ప్లేటును కనబడనివ్వండి

నిబంధన ఒక్క వాక్యం. ముందు నుంచి, వెనక నుంచి నంబరు స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. దాని మీద వేరే పేర్లు, బొమ్మలు, అలంకారపు రాతలు ఉండకూడదు. ఉల్లంఘనలు మాత్రం బోలెడు. ప్లేటును పైకి వంచడం, మీద నల్ల ప్లాస్టిక్ అద్దం బిగించడం, చుట్టూ రంగు లైట్లు, సగం అంకెల మీద మాస్కు తగిలించడం, ముందు ప్లేటు పూర్తిగా తీసేయడం. "పోలీస్", "ప్రెస్", "ఆర్మీ" రాయించుకోవడం ఇంకో రకం. ఆ ఉద్యోగంలో నిజంగా ఉన్నవాళ్లయినా సరే, ప్లేటు మీద రాయడానికి అనుమతి లేదు.

వెనక నంబరు లైటు తెల్లగా వెలగాలి. బల్బు మాడిపోయినా నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు. రాత్రి వెనకనుంచి గుద్దేసి పోయిన బండిని పట్టుకోలేకపోవడానికి ఒక కారణం ఇదే.

బాడుగ వాహనాలకు ముందు, వెనకతో పాటు బాడీకి రెండు పక్కలా నంబరు ఉండాలి. లారీల మీద పెయింటర్లు దీన్ని చక్కగా రాస్తారు, ఆటోలు, చిన్న ట్రాలీల్లోనే ఇది కనిపించదు. రైతులకు ఒక మాట. ట్రాక్టరుది ఒక నంబరు, ట్రైలరుది ఇంకో నంబరు, రెండూ వేర్వేరు రిజిస్ట్రేషన్లు. చెరకు సీజన్లో సంకిలి ఫ్యాక్టరీకి వెళ్లే బళ్లలో గడలు వెనక్కి వేలాడి ట్రైలరు నంబరును పూర్తిగా కప్పేస్తాయి. లోడు కట్టేటప్పుడే ఆ మేరకు వదిలి కడితే చాలు.

ప్లేటు నిబంధన మీరితే కేంద్ర చట్టంలోని 177వ సెక్షన్ కింద మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ చేస్తే 1,500 వరకు జరిమానా. అసలు రిజిస్ట్రేషనే లేకుండా తిరిగితే 192వ సెక్షన్, మొదటిసారే 5,000 వరకు. వేరే బండి నంబరు తగిలించుకుంటే అది జరిమానాతో పోదు, మోసం, ఫోర్జరీ కింద క్రిమినల్ కేసవుతుంది.

హైదరాబాద్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన బండ్లు

మన రెండు జిల్లాల వాళ్లకు బాగా పనికొచ్చే భాగం ఇది. వలస వెళ్లిన కుటుంబాలు తెలంగాణ బండితో తిరిగొస్తాయి. ఇచ్ఛాపురం, పాతపట్నం, సాలూరు వైపు వాళ్లు సరిహద్దు అవతల బండి కొంటారు. గంజాం ఓడీ 07, కొరాపుట్ ఓడీ 10, రాయగడ ఓడీ 18, పర్లాకిమిడి ఉన్న గజపతి ఓడీ 20, ఇవన్నీ మన సంతల్లో రోజూ కనిపించేవే.

పండక్కి వచ్చి వెళ్లే బండికి ఏమీ చేయనక్కర్లేదు. బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే మాత్రం 47వ సెక్షన్ ప్రకారం అక్కడి నంబరు తీసుకోవాలి. వరుస ఇది. పాత ఆర్టీవో దగ్గర ఫారం 28తో ఎన్‌వోసీకి, అంటే అభ్యంతరం లేదన్న పత్రానికి, పెట్టాలి. అప్పు మిగిలుంటే ఫైనాన్స్ కంపెనీ అంగీకారం కావాలి, చలానాలు, టాక్సు బాకీలు ముందే తీర్చాలి. ఎన్‌వోసీ మీద ఏ ఆఫీసు పరిధికి వెళ్తుందో రాస్తారు. శ్రీకాకుళమా, విజయనగరమా అన్నది అక్కడే సరిగ్గా రాయించుకోండి, ఏజెంటుకి వదిలేస్తే "విశాఖపట్నం" అని రాసి ఇచ్చేస్తాడు. తర్వాత ఇక్కడ ఫారం 27తో దరఖాస్తు, బండి వయసును బట్టి లైఫ్ టాక్స్, తనిఖీ, కొత్త నంబరు, కొత్త హై సెక్యూరిటీ ప్లేటు. పాత రాష్ట్రంలో కట్టిన టాక్సులో మిగిలిన భాగం వాపసు అడగడం మరచిపోవద్దు, చాలామంది తిరగలేక వదిలేసుకుంటారు.

నంబరు మారిన రోజే ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఫాస్టాగ్ మూడింటిలోనూ మార్పించండి. ఫాస్టాగ్ పాత నంబరు మీద ఉండిపోతే మడపాం, నాతవలస టోల్‌గేట్ల దగ్గర గొడవ తప్పదు.

రాష్ట్రంలోపలే ఊరు మారితే ఇదంతా లేదు. గుంటూరు నుంచి బొబ్బిలి వచ్చినా నంబరు అదే, సీ బుక్‌లో చిరునామా మార్పిస్తే చాలు. దానికి గడువు 30 రోజులు.

జవాన్ల ఇళ్లకు బీహెచ్ సిరీస్

శ్రీకాకుళం జిల్లాలో సైన్యంలో ఉన్నవాళ్లు లేని ఊరు తక్కువ. బదిలీ అయిన ప్రతిసారీ పై తతంగం పడకుండా 2021 సెప్టెంబరు నుంచి బీహెచ్, అంటే భారత్ సిరీస్ వచ్చింది. రక్షణ దళాలు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలవాళ్లు, నాలుగు అంతకు మించి రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు అర్హులు. సొంత బండికే ఇస్తారు. నంబరులో ముందు సంవత్సరం, తర్వాత బీ, హెచ్, నాలుగు అంకెలు, చివర అక్షరాలు.

టాక్సు జీవితకాలానికి ఒకేసారి కాకుండా రెండేళ్లకోసారి కట్టాలి. 10 లక్షల లోపు బండికి 8 శాతం, 20 లక్షల దాకా 10, ఆపైన 12 శాతం లెక్క, డీజిలుకు 2 శాతం ఎక్కువ, బ్యాటరీ బండికి 2 తక్కువ. గడువు మరచిపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పెరుగుతుంది. బోర్డర్‌లో డ్యూటీలో ఉన్నవాడికి ఆ తేదీ ఎక్కడ గుర్తుంటుంది, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా రిమైండర్ పెట్టించండి. మామూలు నంబరున్న పాత బండిని కూడా బీహెచ్‌కి మార్చుకునే వీలు 2022 డిసెంబరు సవరణతో వచ్చింది. త్వరలో రిటైరై ఊళ్లో స్థిరపడబోయేవాళ్లకు మాత్రం నా ఓటు రాష్ట్ర నంబరుకే.

ప్లేటు పోయినా, విరిగినా

ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఇది లాంఛనం కాదు, మీ ప్లేటు ఇంకో బండికి ఎక్కితే మిమ్మల్ని కాపాడే కాగితం అదే. తర్వాత మీ బండి కంపెనీ డీలరు దగ్గర సీ బుక్ చూపించి కొత్త హై సెక్యూరిటీ ప్లేటుకి ఆర్డరివ్వాలి. విరిగిన ప్లేటయితే ముక్కలు అక్కడ అప్పగించేయండి. రోడ్డు పక్క షాపులో అచ్చం అలాంటిదే నిమిషాల్లో కొట్టిస్తారు, దానికి వాహన్‌లో నమోదు ఉండదు.

వెళ్లని ఊరి నుంచి చలానా వస్తే

బండి ఇంట్లో ఉండగా ఎక్కడో సిగ్నల్ దాటినట్టు మెసేజ్ వస్తే కంగారుపడి కట్టేయకండి. కడితే ఆ తప్పు మీదేనని ఒప్పుకున్నట్టు. ముందు పరివాహన్ ఈ-చలానా సైట్‌లో ఫొటో తెరిచి చూడండి. బండి మోడల్, రంగు, ప్లేటు మీద హోలోగ్రామ్, రాసిన తీరు మీ బండితో పోల్చండి. కెమెరా ఒక అంకె తప్పుగా చదివిందా, నిజంగానే ఎవరైనా మీ నంబరు వాడుతున్నారా అన్నది అక్కడే తేలుతుంది. అంకె పొరపాటైతే ఆ సైట్‌లోనే ఫిర్యాదు పెట్టాలి. నకిలీ ప్లేటైతే మీ బండి ఫొటోలు, లేజర్ నంబర్ల ఫొటో, ఆ రోజు బండి ఎక్కడుందో చూపే ఆధారం, పెట్రోలు బిల్లో, సీసీ కెమెరా క్లిప్పో జతచేసి చలానా వేసిన పోలీసులకు, మీ సొంత స్టేషన్‌కు రెండు చోట్లా రాతపూర్వకంగా ఇవ్వండి.

బండి అమ్మేసినవాళ్లకు కూడా ఇలాంటి చలానాలు వస్తుంటాయి, కారణం వేరు. పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 మీద సంతకం పెట్టి కొన్నవాడి చేతికిచ్చి ఊరుకుంటారు, అతను తన పేరుకి మార్పించుకోడు. రాష్ట్రంలోపలి అమ్మకాన్ని 14 రోజుల్లో ఆర్టీవోకి తెలపాల్సిన బాధ్యత అమ్మినవాడిదే. పేరు మారినట్టు ఎంపరివాహన్ యాప్‌లో కనిపించేదాకా ఆ నంబరు మీద పడే ప్రతి చలానా మీ ఇంటికే వస్తుంది.